గదికొక్కరు

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. అన్నవాళ్లెవరూ జనని హాస్టలు గదిలో పడుకుని ఉండరు. మెత్తటి పరుపు, చప్పుడు చేయని ఫ్యాను, కిటికీ బయట వేపకొమ్మ, గదికి ఒక్కతే మనిషి. ఇంత సుఖంలో ఆ పిల్లకు కంటిమీద కునుకు లేదు.

తిరువొత్తియూరులో వాళ్లది సముద్రం వినబడే ఇల్లు. ఉన్నదల్లా ఒకే హాలు. అవ్వ, అమ్మ, జనని, చెల్లెలు ఆశ వరసగా చాపలు వేసుకుంటారు. నాన్న గడప దగ్గర. తెల్లారేలోగా ఆశ కాలు వచ్చి జనని పొట్టమీద పడి తీరాల్సిందే. ఊహ తెలిసినప్పటినుంచీ జనని ఆ కాలిని తిట్టని రోజు లేదు. ఇప్పుడు ఆ కాలు లేకే నిద్ర రావడం లేదంటే వినేవాళ్లు నవ్విపోరూ?

యూనివర్సిటీ ఏమో ఊరికి ఆ చివర. మొదటి ఏడు హాస్టల్లో ఉండి తీరాలన్నారు. జనని అవ్వ సత్యభామ ఊరుకుందా, పూలమ్మే ఆమె దగ్గర, చేపలమ్మే ఆమె దగ్గర, కోవెల్లో వరసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర కూడా టాంటాం వేసింది. "మా జననికి ఒక్కదానికే తనియా ఒక రూము ఇచ్చినారు!"

ఆ గొప్ప గదిలో గోడలు చూస్తూ తెల్లవార్లూ మేలుకుని, పగలు క్లాసులో తూగేది జనని. ఓసారి ల్యాబులో నిలబడే నిద్రపోయి గాజు గొట్టం పగలగొట్టింది. శుక్రవారం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోదామని నిశ్చయించుకుంది. చదువు తలకెక్కలేదని ఇంట్లో అబద్ధం చెప్పేస్తే సరి. ఈలోగా ల్యాబు మాస్టారు, ఇలా తూగితే ఎలా, ఒక్కసారి వెళ్లి మాట్లాడమ్మా అని, పిల్లల కష్టసుఖాలు వినే కౌన్సెలర్ వినోదిని దగ్గరికి పంపించారు.

వినోదినిది గుంటూరు. ఆవిడ పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్లు నోరు విప్పేదాకా తను విప్పదు. ఎదుటి కుర్చీలో తీరిగ్గా కూర్చుంటుంది. జనని కూడా కూర్చుంది. పసుపు తెర గాలికి ఉబ్బి, మళ్లీ మెల్లగా వాలింది. అంతే, నిద్ర ముంచుకొచ్చింది.

కలలో సముద్రం తలుపు కిందినుంచి హాల్లోకి వచ్చింది. ఎవరినీ లేపకుండా చాపల్ని పైకెత్తింది. అవ్వ, అమ్మ, ఆశ అలాగే నిద్రలో వరస చెదరకుండా తేలిపోతున్నారు. ఆశ కాలే తెడ్డు. ఉన్నట్టుండి జనని చాప వరసనుంచి జారి ఎటో పోసాగింది. పిలవాలంటే గొంతు రాలేదు. ఉలిక్కిపడి లేచేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

ఫోను వస్తే బయటికి వెళ్లిన వినోదిని తిరిగొచ్చి కూర్చుంది. జనని సిగ్గుపడింది గానీ, కళ్లు మళ్లీ మూతపడ్డాయి.

మర్నాడూ అదే తంతు. ఈసారి వినోదిని కావాలనే లేచి, పిల్లిలా బయటికి నడిచింది. గుమ్మం దాటిందో లేదో జనని కళ్లు తెరిచింది.

"నేను లేచి వెళ్తే నీకు మెలకువ వచ్చేస్తోందమ్మా. ఇంట్లో నీ పక్కన ఎవరు పడుకుంటారు?"

ఆ ఒక్క మాటకి జననికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఎవురని చెప్పేది మేడమ్? అందరూ. ఆడ ఎప్పుడూ ఎవురో ఒకరు తగులుతానే ఉంటారు. ఈడ చెయ్యి చాపితే గోడ."

"ఇంట్లో చెప్పలేదా?"

"ఎట్టా చెప్పేది? మా అవ్వ వీధంతా చెప్పుకున్నాది. ఒంటిగా పండుకోలేక వచ్చేసినానంటే అవ్వకి తల కొట్టేసినట్టు ఉండదా?"

"అది అవ్వనే అడుగు" అంది వినోదిని.

జనని అక్కడే కూర్చుని ఫోను చేసి, వెక్కుతూనే అంతా చెప్పింది. అవతల కిసుక్కుమన్నట్టు ఏదో చప్పుడైంది.

"అవ్వా, నవ్వుతాండావా?"

"నవ్వెట్టా వస్తాదే నా తల్లీ? నువ్వు పోయిన కాడ్నించి నీ చాప పరస్తానే ఉండాము. ఆశకి దిండు అడ్డం పెడితే దాన్ని తన్నేసి ఏడస్తాది. నిద్దర ఎవురికుండాది ఈడ?"

"మరి వీధంతా అంత గొప్పలు చెప్పినావే?"

"చెప్పకుంటే ఏడుపొస్తాది కదే."

జనని ఫోనును చెంపకు అదుముకుంది. వినోదిని కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆవిడ ఫ్లాటులోనూ మనిషి ఒక్కతే.

"రా అంటే ఇప్పుడే వచ్చేస్తావు. నేను రమ్మనను" అంది అవ్వ. "పక్క రూములో ఎవురుండారు?"

"మైత్రి అని. వరంగల్ పిల్ల."

"ఆ పిల్ల నిద్రపోతా ఉందా?"

జనని ఏనాడూ అడగలేదు. రాత్రంతా మైత్రి తలుపు కింద వెలిగే లైటు మాత్రం గుర్తొచ్చింది. చదువుల సరస్వతి కాబోలు అనుకుని అసూయపడింది కూడా.

ఆ సాయంత్రం జనని ఓ కొత్త చాప కొని, చంకన పెట్టుకుని పక్క తలుపు తట్టింది. మైత్రి చాప వైపు చూసింది, జనని వైపు చూసింది.

"నేనే అడుగుదామనుకున్న. ఏమనుకుంటవో అని ఊకున్న" అని, పరుపును మంచం మీదినుంచి కిందికి లాగేసింది.

లైటు ఆర్పారు. సముద్రం మళ్లీ వచ్చింది, ఊరు ఈ చివరిదాకా. జనని చాప తేలింది గానీ ఈసారి ఎటూ కొట్టుకుపోలేదు. ఏదో బరువు దాన్ని పట్టి ఆపింది.

తెల్లారి చూస్తే మైత్రి కాలు తన పొట్టమీద ఉంది. ల్యాబుకు టైమైపోతోంది. జనని ఆ కాలిని తిట్టలేదు, తీయలేదు. మళ్లీ కళ్లు మూసుకుంది.

శుక్రవారం వచ్చింది, పోయింది. ఇద్దరూ ల్యాబుకు ఆలస్యంగా వచ్చారని మాస్టారు కోప్పడ్డారు.