ఒక్క చోటే ఇచ్చిన ఐడి

రాత్రి కంపెనీ స్పామ్ వడపోతలో ఆగిన మెయిళ్ళు నాలుగు వందల పన్నెండు. రామబ్రహ్మం వాటిని పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు. లాటరీ, లోను, కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు ఫ్లాటు, మోకాళ్ళ నొప్పులకు తైలం. చెత్త అని తేలినదాన్ని చిటికెనవేలితో మీట నొక్కి చెరిపేస్తున్నాడు. పొరపాటున ఆగిపోయిన మంచి మెయిలు ఎప్పుడైనా దొరికితే, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, తెరకు దగ్గరగా వంగి రెండోసారి చదివి, ఎవరిదో వాళ్ళకు వదులుతున్నాడు. అలాంటిది దొరికినప్పుడు అతని పెదవులు కొద్దిగా కదులుతాయి. అంతకుమించి సంతోషం ఆ ముఖంలో ఎవరూ చూడలేదు.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరో అంతస్తు అది. ప్రింటర్లకూ సర్వర్ గది తలుపుకూ మధ్య మూలన అతని బల్ల. యాభై ఏడేళ్ళ మనిషి, పొట్టి, సన్నం. పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు. జుట్టుకు రంగు ముందువైపు మాత్రమే వేసుకుంటాడు. వెనకవైపు అద్దంలో కనబడదు కాబట్టి దాని సంగతి పట్టించుకోడు. ఎడమ దవడ కింద మూడు నెలలుగా రేగుపండంత గడ్డ ఒకటి ఉంది. తెరమీద చదువుతున్నంతసేపూ ఎడమచెయ్యి తనంతట తానే దానిమీదికి పోతూ ఉంటుంది.

రావులపాలెం అవతలి పల్లె నుంచి తొంభై తొమ్మిదిలో, అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చాడు. అప్పటికే ముప్పై ఏళ్ళు. తరగతిలో అందరూ అతన్ని మాస్టారనుకుని లేచి నిలబడ్డారు. చేరిన కంపెనీ పేరు మూడుసార్లు మారింది. అతని తర్వాత వచ్చినవాళ్ళు మేనేజర్లయ్యారు, వెళ్ళిపోయారు. అతను మెయిల్ డెస్క్ దగ్గరే ఉండిపోయాడు. ఒక్కసారి, రెండువేల ఏడులో, పెద్ద కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ పిలుపు లాటరీ మెయిళ్ళ మధ్య ఎక్కడో పడి, గడువు దాటిన తొమ్మిదో రోజున కనబడింది. ఈ సంగతి భార్య పుణ్యవతికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి ఒక్కో చోటికి ఒక్కో మెయిల్ ఐడి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బ్యాంకుకొకటి, గ్యాసుకొకటి, రైలు టికెట్లకొకటి, కూకట్‌పల్లిలో చీరల దుకాణానికొకటి. తన పేరు పక్కన ఆ చోటి పేరు తగిలించి కొత్త ఐడి చేసేవాడు. చెత్త వచ్చిందంటే, అది ఏ ఐడికి వచ్చిందో చూస్తే చాలు, అమ్ముకున్నదెవరో తెలిసిపోతుంది. చీరల దుకాణం వాడికి ఫోన్ చేసి పద్ధతిగా నిలదీస్తే, ఆ యజమాని తడబడి క్షమాపణ అడిగాడు. రామబ్రహ్మం జీవితంలో గెలిచిన తగాదా అదొక్కటే. "మీకు మనుషులకన్నా ఐడిలే ఎక్కువండీ" అనేది పుణ్యవతి, చీరకు ఫాల్ కుడుతూ తలెత్తకుండానే.

పదకొండింటికి టీ తెచ్చుకుని తన సొంత మెయిళ్ళు తెరిచాడు. పది రోజుల కిందట కొండాపూర్‌లో ఒక పరీక్షల కేంద్రంలో అతని గడ్డలోకి సూది దింపి కాస్త కండ తీశారు. శుక్రవారం రిపోర్టు ఇస్తామన్నారు. కౌంటర్ ముందు నిలబడే, ఫోన్లో ఆ కేంద్రం కోసమని కొత్త ఐడి చేసి రాసిచ్చాడు. ఆ ఐడికి ఎప్పటికైనా రావలసింది ఒకే ఒక్క ఉత్తరం. ఈ రోజు బుధవారం. అందులో మూడు ఉన్నాయి.

మెడ, గొంతు క్యాన్సర్‌కు రెండో డాక్టరు అభిప్రాయం, మొదటిసారి ఉచితం. రేడియేషన్ రోజుల్లో సులువుగా మింగగలిగే పొడి ఆహారం. ఇంటికే వచ్చి చూసుకునే నర్సులు.

దొరికారు, అనుకున్నాడు రామబ్రహ్మం. నిజంగా అతనికి తోచింది అదే. ఇరవై ఏళ్ళుగా అలాంటి మెయిళ్ళలో విషయం చదవడం మానేశాడు. ఎవరు పంపారు, ఏ ఐడికి పంపారు అన్నవే చూస్తాడు. టీ పక్కన పెట్టి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు రాశాక, ముందు ఫోన్లో చెప్పి చూడటం మర్యాద అనిపించింది. కౌంటర్లో అమ్మాయి ఎత్తింది. తన పేరు మమత అని చెప్పింది.

"నమస్కారమండీ, నా పేరు రామబ్రహ్మం. పరీక్షకని మీకిచ్చిన నా మెయిల్ ఐడి బయటికి పోయింది. మూడు కంపెనీలవాళ్ళు రాశారు."

"మేమెవ్వరికి ఇయ్యం సార్. మీరు ఇంకేడనన్న ఇచ్చిన్రేమో."

"లేదమ్మా. ఆ ఐడి పుట్టిందే మీ కౌంటర్ ముందు. మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు."

"ఏం మెయిల్స్ వచ్చినయి సార్?"

అతను పాఠం చదివినట్టు మూడూ చదివాడు. రెండోది చదువుతుండగా అవతల కీబోర్డు టకటకలాడింది. మూడోది అయ్యేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

"సార్, మీ పేరు జర మళ్ళ చెప్పరా?"

చెప్పాడు.

"శుక్రారం మీరొక్కలే వస్తున్రా?"

"ఏమ్మా?"

"ఇంట్లోల్లను ఎవరినన్న తోల్కరండి సార్."

"రిపోర్టు వచ్చేసిందా?"

"గది నేను చెప్పొద్దు సార్. డాక్టర్ సార్ చెప్తడు." గొంతు తగ్గించి అంది: "ఇయ్యాల సాయంత్రం రాండ్రి సార్. శుక్రారం దాక ఆగకుండ్రి."

ఫోన్ పెట్టేశాక రామబ్రహ్మం ఆ మూడు మెయిళ్ళనూ మళ్ళీ తెరిచాడు. ఈసారి చదివాడు.

ఇంకా ఒక దారి ఉందనిపించింది. వచ్చినవాళ్ళందరికీ ఇవే పంపుతున్నారేమో. లేచి లిఫ్టు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కాపలా ఉండే ఓదెలు, ఆ రోజు అతనికి తోడుగా కొండాపూర్ వచ్చినవాడే. ఊరికే కూర్చోవడమెందుకని తనూ రక్తం ఇచ్చాడు. అతనికి అక్కడికక్కడే వేరే ఐడి చేసిచ్చింది కూడా రామబ్రహ్మమే. మర్నాడు షుగర్ ఎక్కువుందని తేలింది.

"ఓదెలూ, నీ మెయిల్ ఒకసారి చూస్తానయ్యా."

"చూడుండ్రి సార్. నేనేడ చూస్త గవన్ని."

ఓదెలు ఫోన్లో రిపోర్టు తర్వాత ఆరు మెయిళ్ళు ఉన్నాయి. చక్కెర లేని బిస్కెట్లు, ఇంట్లోనే షుగర్ చూసుకునే మిషను, షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకు మెత్తటి చెప్పులు. క్యాన్సర్ మాట ఒక్కదాంట్లోనూ లేదు. రామబ్రహ్మం ఆ మెయిళ్ళ వరసలో కిందిదాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చి, మళ్ళీ కిందికి వెళ్ళాడు.

"ఏమైంది సార్? మొకం గట్ల అయిందేంది?"

"ఏం లేదయ్యా. నీకు షుగర్ ఉంది కదా. అందుకని నీకు షుగర్ మెయిళ్ళు వచ్చాయి."

"మరి మీకేం వచ్చినయి?"

రామబ్రహ్మం ఓదెలు ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టాడు.  ఓదెలు చూపు రామబ్రహ్మం దవడ కిందికి పోయి, అక్కడే నిలిచిపోయింది.

రామబ్రహ్మం బాత్రూంలో కొళాయి తిప్పి చాలాసేపు చేతులు నీళ్ళకింద పెట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే, అక్కడ మెట్టు లేకపోతే ఒంట్లో పుట్టే అదురు ఉంటుందే, అది పుట్టి ఆగకుండా అలాగే ఉంది. తన గొంతులో ఏముందో తనకన్నా ముందు, పుణ్యవతికన్నా ముందు, పొడి ఆహారం అమ్ముకునే ఆఫీసులో ఎవరికో తెలిసింది. వాళ్ళు జాబితాలో అతని పేరు చూసి ఉంటారు. ఏ వయసువాడికి ఏ పొడి సరిపోతుందో మాట్లాడుకుని ఉంటారు. ఆ సమయానికి తను ఇక్కడ కూర్చుని ఎవరో పోగొట్టుకున్న మెయిలు వెతికి పెడుతూ ఉండి ఉంటాడు.

బయటికి వచ్చేసరికి మేనేజర్ సంయుక్త ఎదురైంది. "రామబ్రహ్మం గారూ, కొత్త బ్యాచ్ రెండున్నరకి. మీ మెయిల్ సెషన్ గుర్తుందిగా?"

"ఉందండి" అన్నాడు. ఉందని అనడమే అతనికి అలవాటు. డబ్బాలో అన్నం సగం తిని, మూత పెట్టేసి వెళ్ళాడు.

శిక్షణ గదిలో ఇరవైమంది కొత్తవాళ్ళు. ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పాడు. ఒకే ఐడి అందరికీ ఇవ్వకండి. మనుషులకొకటి, దుకాణాలకొకటి, నమ్మకం లేనిచోట ఇంకొకటి. చెత్త వస్తే ఎవరు అమ్ముకున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. మాటలు వాటంతటవే వస్తున్నాయి. తన గొంతు తనకే పక్క గదిలోంచి వినిపిస్తున్నట్టుంది. రెండో వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. మెడలో కొత్త కార్డు మీద ప్రశాంతి అని ఉంది.

"సార్, ఎవరు అమ్మిన్రో తెలుస్తది, ఓకే. తెలిసినంక ఏం చేస్తం?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. రామబ్రహ్మం చేతిలోని మార్కరు వైపు చూశాడు.

"ఆ ఐడి మూసేస్తామండి" అన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "వాళ్ళకి తెలిసింది మాత్రం తెలిసే ఉంటుంది" అన్నాడు. పిల్లలు అది కూడా రాసుకున్నారు.

నాలుగింటికి సెలవు అడిగి కిందికి దిగితే, ఓదెలు ఆటో ఆపి నిలబడి ఉన్నాడు. తన చోట ఇంకో గార్డును పెట్టి వచ్చాడు. రమ్మని ఎవరూ అడగలేదు. ఇద్దరూ కొండాపూర్ వెళ్ళారు.

కౌంటర్ దగ్గర పేరు చెప్పగానే మమత లేచి నిలబడింది. పాతికేళ్ళు కూడా ఉండవు. కవరు అతని చేతికివ్వకుండా తానే పట్టుకుని డాక్టరు గదిదాకా నడిచింది. తలుపు దగ్గర, "నేను కాదు సార్ ఇచ్చింది" అంది. "నీ మీద కోపమెందుకమ్మా, నువ్వే కదా రమ్మని చెప్పింది" అన్నాడు రామబ్రహ్మం.

డాక్టరు నెమ్మదైన మనిషి. గొంతులో మొదలై మెడలోకి వచ్చిందనీ, చాలా దూరం వచ్చిందనీ, వెంటనే మందు మొదలుపెట్టాలనీ చెప్పాడు. చెప్పి, ఎదుటి మనిషి తట్టుకోవడానికి కొంత సమయమిచ్చి, ఆ సమయం అక్కర్లేదని గమనించాడు.

"మీకు ముందే తెలుసా?"

"మెయిలొచ్చిందండి."

"లేదే. ఇలాంటి రిపోర్టు మేం మెయిల్లో పంపం. నేనే వద్దని చెప్పాను."

"రిపోర్టు కాదండి." రామబ్రహ్మం ఫోన్ తీసి బల్లమీద అతనివైపు తిప్పిపెట్టాడు.

డాక్టరు మొదటిది చదివాడు. రెండోది చదివాడు. మూడోది చదవలేదు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, ఫోన్ మెల్లగా వెనక్కి జరిపాడు. ఇద్దరిలోనూ నిబ్బరంగా ఉన్నవాడు రామబ్రహ్మమే.

ఓదెలును డ్యూటీకి పంపేసి, హైటెక్ సిటీ స్టేషన్లో లోకల్ రైలెక్కి, బోరబండ చేరేలోపు పుణ్యవతికి చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. ముందు గడ్డ అనాలి. తర్వాత మందు ఉందనాలి. జబ్బు పేరు చివర్న, ఆమె కాఫీ తాగడం అయ్యాక చెప్పాలి. కిటికీ అవతల ఎండ ఇంకా పూర్తిగా పోలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందుగదిలో పుణ్యవతి నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో ఆకుపచ్చ పట్టుచీర, ఫాల్ జానెడు కుట్టి ఆగిపోయింది. సూది గుడ్డలోనే గుచ్చి ఉంది. వంటింట్లో పొయ్యి వెలగలేదు. అతన్ని చూసి ఆమె లేవలేదు.

"పన్నెండింటికి ఎవరో ఫోన్ చేశారండీ" అంది. "ఆడపిల్ల. పేషెంటుకి ఏ స్టేజీ అమ్మా, పగటి నర్సు కావాలా రాత్రి నర్సా అని అడిగింది. రాంగ్ నంబరమ్మా అన్నాను. అప్పుడు మీ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా."

రామబ్రహ్మానికి కౌంటర్లో నింపిన కాగితం కళ్ళముందు ఆడింది. అందులో రెండో ఫోన్ నంబరు రాయమని ఒక గడి ఉంది. ఆ గడిలో ఆమెది రాశాడు. ఐడి కొత్తది చేశాడు గానీ, పుణ్యవతికి ఉన్నది ఒక్క నంబరే.

"ఆఫీసుకి ఫోన్ చెయ్యకపోయావా?"

"మీకు తెలీదేమోనని చెయ్యలేదండీ."

అతను కూర్చుకున్న వరసంతా ఎక్కడిదక్కడ రాలిపోయింది. చెప్పులు కూడా విడవకుండా వచ్చి ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు. ఆమె చెయ్యి తడిమి చూస్తే మంచులా ఉంది. ఆరున్నర గంటలు ఆమె ఆ చీరతో అలాగే కూర్చుని ఉంది. "మందు ఉందన్నారు" అన్నాడు. ఆమె తల ఊపింది. చీరమీద నీటిచుక్క పడితే మరక అవుతుందని, దాన్ని మోకాళ్ళ మీంచి తీసి దూరంగా పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

ఫిర్యాదు అతను పూర్తిచేసి పంపాడు. మీ వివరాల గోప్యత మాకు అన్నిటికన్నా ముఖ్యమని జవాబు వచ్చింది. కింద, ఒళ్ళంతటికీ పరీక్షలు సగం ధరకే అని రాసి ఉంది. మందు ఎక్కించుకోని వారాల్లో, దసరా దాటేదాకా, ఆఫీసుకు వస్తూనే ఉన్నాడు. మాట పోయాక చీటీల మీద రాసి చూపించేవాడు. మాఘమాసంలో ఒక ఉదయం, పుణ్యవతి జావ చల్లార్చి గ్లాసులో పోసుకొచ్చేసరికి, గోడవైపు తిరిగి పడుకున్నవాడు అలాగే ఉన్నాడు. ఆమె కాసేపు నిద్రే అనుకుని, గ్లాసు మీద మూత పెట్టింది.

బల్లమీద సామాను ఓదెలే సంచీలో సర్ది బోరబండ తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ కుర్చీలోకి ప్రశాంతి వచ్చింది. సంచీలోకి రానిది ఒక్కటి మిగిలింది. చల్లగాలి నేరుగా మెడమీద పడకుండా, ఆ బల్లకు సరిగ్గా పైన ఏసీ రంధ్రానికి రామబ్రహ్మం ఎప్పుడో పూతరేకుల పెట్టె మూత కత్తిరించి టేపుతో అంటించాడు. తీసేద్దామని నిచ్చెన తెచ్చినవాళ్ళతో, "ఉండనియ్యుండ్రి, అదేమంటది మిమ్ముల" అన్నాడు ఓదెలు. గాలి వచ్చినప్పుడల్లా ఆ అట్టముక్క ఒక మూల లేచి, కాసేపు అదిరి, మళ్ళీ మెల్లగా అతుక్కుంటూ ఉంటుంది.