తువ్వాలు వేసిన సీటు

బుడమేరు పొంగి బెజవాడ ఇళ్లలోకి వచ్చిన ఏడు, ఆ మాఘమాసంలో నా మనవరాలు సింధూరి పెళ్లి. పెళ్లి పూనాలో. మగపెళ్లివారు అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు. మావాళ్లందరూ ముందే రైలెక్కారు. నేను ఎక్కలేదు. గేదె ఈనేలా ఉందన్నాను. ఆ మాట నిజమే. అయితే పెళ్లిలో అందరితో మాట్లాడాలి. గేదెతో అక్కర్లేదు.

వాళ్లు పూనాలో దిగిన సాయంత్రం నా భార్య ఛాయాదేవి ఫోన్ చేసింది.

"ఏవండీ, బీరువా పైఅరలో ఎర్ర కాగితం పొట్లం ఉందేమో చూడండి."

చూశాను. "ఉంది."

"చచ్చాం" అంది.

పొట్లంలో ఉన్నది పుస్తె. మాలో పెళ్లికూతురి మెడలో రెండు పుస్తెలు పడాలి. ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. ఆ పుట్టింటి పుస్తెని ఛాయాదేవి, పుణ్యస్త్రీగా పోయిన తన తల్లి మెడలోది కరిగించి, హనుమాన్ జంక్షన్‌లో కంసాలి ఎదురుగా కూర్చుని చేయించింది. రైల్లోకి అప్పడాల డబ్బా ఎక్కించింది, రోకలి ఎక్కించింది, దిష్టికి గుమ్మడికాయ కూడా ఎక్కించింది. పుస్తె మరిచింది.

మా అబ్బాయి దుర్గాప్రసాద్, ఇక్కడే కొత్తది కొందాం లేమ్మా అన్నాడట. "అలాగే కొత్త అమ్మని కూడా కొనుక్కోరా" అందట. దాంతో నాకు విమానం టిక్కెట్టు కొన్నారు. తెల్లారి గన్నవరంలో ఎక్కాలి. మధ్యలో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి, పొద్దంతా అక్కడే కూర్చుని, సాయంత్రం పూనా విమానం ఎక్కాలి. ఆ మర్నాడు పొద్దున్నే ముహూర్తం.

"నాన్నా, ఒక్కడివే వస్తున్నావు. తెలియకపోతే ఎవర్నన్నా అడుగు. నోరు విప్పు" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఊఁ" అన్నాను.

గేదెని పక్కింటివాళ్లకి అప్పజెప్పాను. పుస్తెని తువ్వాలు చెంగున పెట్టి ముడి మీద ముడి వేశాను. జేబు చిరుగుతుంది, సంచి పోతుంది. భుజం మీద తువ్వాలు ఎక్కడికి పోతుంది? గన్నవరంలో ఆ తువ్వాలుని కూడా ట్రేలో పెట్టించి మిషన్లోకి తోశారు. అవతలివైపు నుంచి మళ్లీ వచ్చింది. భుజాన వేసుకున్నాను.

పెద్ద ఎయిర్‌పోర్టు బెజవాడ బస్టాండు కంటే పెద్దది. కానీ అరిచేవాడు ఒక్కడూ లేడు. అరిచేవాడు లేకపోతే ఏ బండి ఎటు పోతుందో మనిషికెలా తెలుస్తుంది? టిక్కెట్టు ఒకమ్మాయికి చూపించాను. ఆమె వేలు చూపించిన వైపు నడిచి నడిచి, పూనా గేటు ఎదురుగా అద్దం పక్కన సీటు చూసుకుని కూర్చున్నాను. బయట విమానాలు ఎండలో నిలబడి ఉన్నాయి. చూసినంతసేపు చూశాను. తర్వాత టీ తాగాలనిపించింది. జనం దిగబడుతున్నారు. లేస్తే సీటు పోతుంది.

నేను వయసంతా ఆర్టీసీ బస్సెక్కినవాణ్ని. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనది. కలెక్టరొచ్చినా దాని మీద కూర్చోడు. చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. తువ్వాలు తీసి సీటు మీద పరిచి టీకి వెళ్లాను.

అక్కడ టీ అంటే కాగితం గ్లాసులో వేడినీళ్లు, పక్కన దారం కట్టిన చిన్న పొట్లం. పొట్లం చింపి పొడి నీళ్లలో పోసుకున్నాను. ఒక గుక్క తాగేసరికి నోరంతా ఇసుక. ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూ ఆ చివరిదాకా పోయాను. తిరిగొచ్చేసరికి నా సీట్లో ఒకావిడ కూర్చుని జంతికలు తింటోంది. తువ్వాలు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ముడి సంగతి. వంగి సీటు కింద చూశాను.

"తువ్వాలు" అన్నాను.

"తెలుగువారా! రండి బాబాయ్ గారూ, కూర్చోండి" అంటూ పక్కకి జరిగిందావిడ. "నేనొచ్చేసరికి ఇక్కడేం లేదండీ. మాది గవర్నర్‌పేట. ఉషశ్రీ నా పేరు. పూనాలో మా ఆడపడుచు ఉంది. మీదే ఊరు? జంతికలు తీసుకోండి."

"ఇక్కడే వేశాను. తువ్వాలు."

"అంతేనా! మాది తువ్వాళ్లు, లుంగీల హోల్‌సేలండీ. ఈసారి బెజవాడ వచ్చినప్పుడు కొట్టుకి రండి, డజను ఇస్తాను. ఊరికే ఇస్తాను."

"అదే కావాలి."

"అంత గొప్పదా? పట్టుదా ఏంటి?"

"నూలుది."

పుస్తె అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ తెలియని చోట బంగారం పేరెత్తకూడదు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ చెవులున్నాయి. మింగేశాను.

ఉషశ్రీ నా మొహంలోకి చూసింది. "అయ్యో, కళ్లల్లో నీళ్లేంటండీ? ఎవరిదండీ అది? మీ నాన్నగారిదా?"

కళ్లు తుడుచుకోబోయి ఒట్టి భుజం తడుముకున్నాను.

"అదీ సంగతి!" అని జంతికల డబ్బా మూత పెట్టి లేచింది.

మొదట తుపాకీ పట్టుకున్న జవాను దగ్గరికి తీసుకెళ్లింది. హిందీలో చెప్పింది. నాకు హిందీ రాదు కానీ ఆవిడ చేతులు చూస్తే తెలిసింది, మా నాన్న పోయేముందు తన భుజం మీంచి తీసి నా భుజం మీద వేశాడు. జవాను తల ఊపి ఒక కౌంటరు చూపించాడు. కౌంటరులో పిల్ల తెలుగుదే. ఈసారి మా నాన్న వరదలో కొట్టుకుపోతూ ఒడ్డు మీదున్న నాకు ఆ తువ్వాలు విసిరాడు. "పసివాడండీ అప్పటికి. అప్పట్నించీ భుజం దించలేదు" అంది ఉషశ్రీ. కౌంటరు పిల్ల ముక్కు ఎగబీల్చింది.

మా నాన్న తొంభై దాటాక పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద పోయాడు. ఆ తువ్వాలు నేను మొన్న దసరాకి జంక్షన్‌లో కొన్నాను. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. 

ఆ పిల్ల మైకులో చెప్పింది. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. ఒక పెద్దాయన తండ్రి గుర్తుగా దాచుకున్న తువ్వాలు పోయిందని హాలు హాలంతా లేచి సీట్ల కింద చూసుకుంది. ఒకాయన తన చేతిరుమాలు తెచ్చి నా చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. ఒక తల్లి చంటిపిల్ల టవలు తెచ్చింది. దాని మీద బాతులున్నాయి. ఉషశ్రీ అన్నీ తిప్పి చూసి, "నేత అది కాదండీ" అని పంపేసింది.

అలా వెతుకుతుండగానే పొద్దు వాలింది. పూనా గేటు దగ్గర లైను కట్టారు.

"పదండి బాబాయ్ గారూ, బండి వెళ్లిపోతుంది."

"నేను రాను."

"తువ్వాలు కోసం విమానం వదిలేస్తారా? మీ మనవరాలి పెళ్లన్నారు!"

అంతకుముందు టిక్కెట్టు అడిగితే ఆ ఒక్క మాటా చెప్పాను. ఇప్పుడు ఏం చెప్పను? పుస్తె లేకుండా ఛాయాదేవి ఎదుటికి ఏ మొహంతో పోను? పోతే ఒట్టి చేతులు. పోకపోతే అసలు మనిషే లేడు. లైను సగమైంది.

అప్పుడు వినిపించింది. టక్. మళ్లీ టక్. ఊడ్చే బండి పక్కన నిలబడి ఒకమ్మాయి కుర్చీలు తుడుస్తోంది. గుడ్డ విసిరినప్పుడల్లా దాని కొస కుర్చీ చట్రానికి తగిలి టక్కుమంటోంది. గుడ్డ మసిగుడ్డలా ఉంది. అంచు మాత్రం నాదే.

పరుగెత్తాను. "అది నాది!"

"ఇదా తాతా?" అని ఆమె తెలుగులోనే అంది. "సీటు మీద పడుంటే తుడిచే గుడ్డనుకున్నా. పొద్దుట్నించి దీంతోనే తుడుస్తున్నా. మైకులో తండ్రి గుర్తన్నారని, ఇది కాదులే అనుకున్నా. ఈ కొసన గట్టిగా ఏదో ఉంది, అంటుకుపోయిన మరకలు భలే గీకుతోంది."

ముడి తడిసి బిగిసిపోయింది. పళ్లతో పట్టి లాగాను. నోటినిండా ఫినాయిలు. రెండో ముడి కూడా ఊడింది. పుస్తె అరచేతిలో పడింది.

అందరూ నోళ్లు తెరిచారు. ముందు తేరుకున్నది ఉషశ్రీ.

"పుస్తెనా! ఆ మాట ముందే చెప్పొద్దూ? మీ నాన్నని ఇన్నిసార్లు చంపానే నేను!"

తుడిచే అమ్మాయి నాలిక కరుచుకుంది. చేతులు చీరకి తుడుచుకుని పుస్తెని కళ్లకద్దుకుంది. "తప్పైపోయింది తాతా."

"నీ తప్పేం లేదమ్మా. సీటు మీద వేసింది నేను, అందులో ముడేసింది నేను, చెప్పకుండా కూర్చుందీ నేనే" అన్నాను. ఆ రోజు మొత్తానికి అంత పొడుగు మాట అదొక్కటే.

"మరి మీ నాన్నగారు వరదలో..." అని వెనకనుంచి కౌంటరు పిల్ల అడిగింది.

"ఇంట్లోనే పోయారు."

ఉషశ్రీ నా చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లింది. ఆఖరున ఎక్కింది మేమిద్దరమే. పూనా దాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నేను పిడికిలి తెరవలేదు. నీళ్లిస్తే ఎడమచేత్తో తాగాను.

విడిదిలో ఛాయాదేవి గుమ్మంలోనే అడిగింది. "తెచ్చారా?"

"తెచ్చాను."

"ఏదీ?"

"పొద్దున్న ఇస్తాను."

మర్నాడు అందరికంటే ముందు లేచాను. కుళాయి దగ్గర పుస్తెని చింతపండు వేసి తోమాను. పాలతో కడిగాను. పసుపు రాసి తీసుకెళ్లి ఛాయాదేవి చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుంది. ముక్కు దగ్గర ఆగింది.

"ఇదేం వాసనండీ?"

"విమానం" అన్నాను.

ఆవిడ ఇంకాస్త పసుపు రాసి పళ్లెంలో పెట్టింది. ఆ పళ్లెం నేను తీసుకున్నాను. కాఫీకి పిలిచారు, ఫొటోకి పిలిచారు, నేను లేవలేదు. పురోహితుడు వచ్చి చెయ్యి చాపేదాకా పళ్లెం ఒళ్లో పెట్టుకుని పీటల పక్కనే కూర్చున్నాను.