సబ్బు పూసిన కమానులు

చొక్కా కాలర్లకు రుద్దిన సబ్బుముక్కనే సులేమా ఫిడేలు కమానులకూ రుద్దేది. గురువారం బట్టల రోజు. పెరట్లో తొట్టి పక్కన మొగుడి చొక్కాలు, అత్తగారి లోపలి లంగాలు, వాటి పక్కనే గోడకు ఆనించిన మూడు కమానులు. కమాను వెంట్రుకలకు రోజనం రాస్తే తీగ పలుకుతుంది, సబ్బు పూస్తే జారిపోతుంది, ఎంత ఊపినా కిక్కురుమనదు. మాగ్నోలియా అమ్మాయిల టాంగో మేళంలో ఫిడేలు పట్టుకునే నలుగురు పిల్లల్లో ముగ్గురికి ఫిడేలు రాదు. చిరునవ్వు వచ్చు, భుజాలు కనబడే గౌను వేసుకోవడం వచ్చు. ఆ కాలంలో బ్యూనస్ ఐరిస్ కాఫీ హోటళ్లకు అది చాలు.

"గట్టిగా రుద్దవే," అన్నాడు మొగుడు ఎవరిస్తో, కిటికీ అద్దంలో మీసం దువ్వుకుంటూ. "పోయిన శనివారం మూలనున్న పిల్లది కిర్రుమనిపించింది. హోటలువాడు రమీరో పిలిచి, మీ మేళంలో ఎలుక దూరిందా అని అడిగాడు. పరువు పోయింది."

"దానికి వాయించడం నేర్పొచ్చుగా."

"నేర్చుకుంటే జీతం పెంచమంటుంది."

తన తెలివికి తనే నవ్వుకున్నాడు. సులేమా నవ్వలేదు. పదకొండేళ్ల కాపురంలో అతని తెలివికి నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటని ఆమెకు తెలుసు. ఆ ఒక్క పనీ ఈమధ్యే మానేసింది.

ఆ మేళం ఎలా పోయిందంటే ఇప్పటికీ ఆ వీధి మగవాళ్లు ఒకే మాట చెబుతారు. ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఇంతే, అసూయ, పిల్లుల కొట్లాట, అని గ్లాసు కింద పెడతారు. కార్నివాల్ పండగ ముగిశాక మొదలై అక్టోబరులో, వసంతం సగంలో పోయిన మేళానికి అంతకు మించి చరిత్ర ఎందుకు? ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు. ఎవరిస్తో మగవాళ్ల మేళం పెట్టి ముంచాడు. ఇంకొకటి పెట్టి అదీ ముంచాడు. అప్పుడు రమీరో చెప్పాడు: జనం ఆడపిల్లల్ని చూడ్డానికి వస్తున్నారయ్యా, పాట ఎవడికి కావాలి? ఎవరిస్తో ఇంటికొచ్చి, మంచం కింద దుమ్ము పట్టిన పెట్టె బయటికి లాగి, "నీకు బాండోనియన్ ఇంకా వచ్చునా?" అని పెళ్లాన్ని అడిగాడు. పెళ్లి కాకముందు ఓడరేవు పేట నాట్యాల్లో తండ్రి పక్కన కూర్చుని అదే తిత్తి వాయిద్యం వాయించిన మనిషిని. ఆ వాయింపు విని వెంటపడి పెళ్లి చేసుకున్నవాడే, పెళ్లైన వారానికి ఆ పెట్టెను మంచం కిందికి తోసినవాడే అడిగాడు. వచ్చునా అని.

వచ్చు. మోకాళ్ల మీద పెట్టుకుని తిత్తి లాగగానే మొదట దుమ్ము వచ్చింది, తర్వాత స్వరం వచ్చింది. దోన్యా కసిల్డా, అత్తగారు, పక్కగదిలోంచి కేకేసింది: "కడుపు పండలేదు గాని తిత్తి మాత్రం బాగానే ఊదుతుంది!" ఆ రాత్రికి ఆ మాట కూడా బాధ పెట్టలేదు సులేమాను. తెల్లారితే ఏ గౌను వేసుకుని ముందు కూర్చోవాలా అని ఆలోచిస్తూ పడుకుంది.

ముందు కూర్చోబెట్టలేదు. రమీరో ఆమెను కాళ్ల నుంచి తల దాకా చూశాడు, సంతలో గొడ్డును చూసినట్టు. "నా పెళ్లాంలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే నా గిరాకీలు కాఫీ తాగి బుద్ధిగా ఇంటికిపోతారు. రెండో కప్పు ఎవడు తాగుతాడు?" అన్నాడు. ఎవరిస్తో ఇంటికొచ్చి ఆ మాటనే మర్యాదగా మార్చి చెప్పాడు: "పెళ్లైనదానివి, మోకాళ్లు విడదీసి జనం ముందు ఆ డబ్బా లాగుతావా? నలుగురూ ఏమనుకుంటారు?" మోకాళ్లు విడదీయడానికి ఎల్సీరా అనే ఇరవై ఏళ్ల పిల్ల దొరికింది. టోపీల దుకాణంలో పనిచేసేది. దాని చేతికి ఇంకో బాండోనియన్ ఇచ్చారు, లోపలి రేకులన్నీ పీకేసినది. లాగితే గాలి తప్ప ఏమీ రాదు. పలికే వాయిద్యం పట్టుకుని సులేమా వేదిక వెనక, తెరకూ వంటింటికీ నడుమనున్న ఇరుకులో కూర్చునేది.

మొగుడికి గౌరవం అక్కర్లేని పెళ్లాం కావాలి, హోటలువాడికి ముఖం అక్కర్లేని చేతులు కావాలి. ఇద్దరికీ ఒకే మనిషి సరిపోయింది. ఎంత పొదుపు! పాట పాటకూ మధ్య రమీరో భార్య కత్తి తెచ్చి ఒళ్లో పెట్టేది: "ఖాళీగానే ఉన్నావుగా, ఈ ఉల్లిపాయలు తరుగు." సులేమా తరిగేది. ఆ వేళ్లతోనే మళ్లీ మీటలు నొక్కేది. బయట దీపాల కింద ఎల్సీరా తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేది, ఆ బాధంతా తన గుండెలోంచే వస్తున్నట్టు. పిల్ల ఆ పని బాగా చేసేది, కాదనకూడదు. ఆట ముగిశాక చీటీలు, పువ్వులు, చాక్లెట్లు. ఒకరోజు ఒక ముసలాయన వేదిక దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ చివర ఎడంచేత్తో వాయించావే, నా భార్య పోయిననాడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది," అన్నాడు. తెర వెనక సులేమా అంచు దగ్గరికి జరిగింది.

"థాంక్స్ తాతా," అంది ఎల్సీరా. "ఎడంచెయ్యే కాదు, కుడిచెయ్యి కూడా బాగుంటుంది."

తర్వాత గౌను మార్చుకుంటూ సులేమా వైపు చూసి కన్నుకొట్టింది. "నీ వేళ్లు, నా మోకాళ్లు. మంచి జోడీ కదా సెన్యోరా?"

సులేమాకు దాన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంటికెళ్లి మాంసం పులుసు వేడిచేసి మొగుడికి, అత్తకు వడ్డించింది.

వసంతం మొదట్లో రేడియో మనిషి ఒకడు హోటలుకు వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుని రెండు పూటలు విన్నాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేళాన్ని ప్రసారం చేస్తామన్నాడు, ఆ బాండోనియన్ పిల్ల ఉంటేనే అని షరతు పెట్టాడు. సులేమాకు ఆ మాట విన్నాక నాలుగు రోజులు కాళ్లు నేలమీద ఆనలేదు. రేడియోకు కళ్లుండవు. రేడియోలో నడుము కనబడదు, వయసు కనబడదు, మోకాళ్లు అసలే కనబడవు. చెవులకు మాత్రమే తెలిసేచోట తను తెర వెనక ఎందుకుండాలి? ఇన్నాళ్లకు ఒక తలుపు, తన కొలతకే చేసినట్టు. ఆ మాటే పొద్దున మాతే ఆకుల టీ కాచి ఇస్తూ మొగుడితో అంది.

ఎవరిస్తో గొట్టంతో చివరి గుటక పీల్చి నవ్వాడు. "పిచ్చిదానా, అక్కడ హాలుంటుంది, జనం వచ్చి కూర్చుంటారు. పత్రికలవాళ్లు ఫొటోలు తీస్తారు. ఎల్సీరా లేకపోతే ఎలా? నువ్వేం బెంగపెట్టుకోకు, అక్కడా తెర ఉంది, నేను కనుక్కున్నాను. మంచి దళసరి తెర. నీకోసం కుర్చీ కూడా అడిగాను."

"విన్నావా?" అంది దోన్యా కసిల్డా. "కుర్చీ అడిగాడట. మీ మామగారైతే అడిగేవాడా? నిలబెట్టి వాయించమనేవాడు. అదృష్టవంతురాలివి."

"చెప్పులు విప్పి కూర్చో," అన్నాడు ఎవరిస్తో. "మైకులో చప్పుడొస్తుంది."

"సరే," అంది సులేమా.

ఎన్ని సరేలు ఆ ఇంట్లో! మంచం కిందికి పెట్టె పోయినప్పుడు సరే, డాక్టరు దగ్గరికి మొగుడు రానన్నప్పుడు సరే, ఉల్లిపాయలకు సరే. కాని ఈ సరే నోట్లోంచి వస్తున్నప్పుడే వేరుగా ఉందని ఆమెకు తెలిసింది. దాని వెనక కోపం కూడా లేదు. కోపం వస్తే ఏడ్చేది, ఏడిస్తే వాళ్లు ఓదార్చేవాళ్లు, ఓదార్చాక మళ్లీ అదే తెర.

పియానో వాయించే హెర్మీనియా, ఇద్దరు పిల్లల విధవ, ముఖం చూసి పసిగట్టింది. శనివారం మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది. "ఏదో చేసేటట్టున్నావు. ఈ మేళం పోతే నాకింకోటి లేదు. నా పిల్లల ముఖం చూసి ఓర్చుకో సులేమా."

"ఎవరో ఒకరి ముఖం చూసి ఓర్చుకుంటూనే ఉన్నాను," అంది సులేమా. "నా ముఖం ఎవరూ చూడలేదు."

హెర్మీనియా చెయ్యి వదిలేసింది. ఆ ఇద్దరు పిల్లల బరువు సులేమాకు తెలియకపోలేదు. ఆ బరువుతోనే వెళ్లింది.

ఆదివారం రేడియో భవనం వెనక తలుపు దాకా పెట్టె ఆమే మోసింది. ఎవరిస్తో చేతులు ఖాళీగా ఉన్నా కొత్త కోటు నలుగుతుందని ముట్టుకోలేదు. "పో, కూర్చో," అని తెర వైపు చూపించి వేదిక మీదికి వెళ్లిపోయాడు. కుర్చీలో మనిషి ఉందో లేదో చూడాలని అతనికి తట్టలేదు. ఉంటుంది. ఎప్పుడు లేదు గనక? సులేమా పెట్టెను కుర్చీలో పెట్టి వెనక తలుపులోంచే బయటికొచ్చింది. భవనం చుట్టూ తిరిగి, సంచీలోంచి టోపీ తీసి పెట్టుకుని, ముందు ద్వారం దగ్గర జనంతో కలిసి లోపలికొచ్చి మొదటి వరసలో కూర్చుంది. పక్కావిడ జరిగి చోటిచ్చింది.

దీపాలు వెలిగాయి. ఎవరిస్తో చెయ్యెత్తాడు. పియానో తాళం అందుకుంది, ఒక ఫిడేలు పలికింది, మూడు ఫిడేళ్లు ఊగాయి. ఎల్సీరా తల వెనక్కి వాల్చి, మోకాళ్లు విడదీసి, తిత్తి సాంతం లాగింది.

ఉస్సుమంది.

ఆ ఉస్సు మైకులోంచి ఊరంతటి వంటిళ్లలోకీ వెళ్లింది. ఎల్సీరా మళ్లీ లాగింది, మళ్లీ గాలి. జనంలో ఎవరో నవ్వారు. ఎవరిస్తో తెర వెనక్కి పరిగెత్తి, పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. ఎల్సీరా ఆ డబ్బాను దభీమని కింద పడేసి లేచి నిలబడింది.

"నన్ను చూసి నవ్వుతారేం? వాయించేది నేను కాదు, ఆవిడ! అదిగో, టోపీ పెట్టుకుని కూర్చుంది!"

హాలంతా తిరిగి చూసింది. ఎవరిస్తో చూశాడు. ముఖం మీదికి నవ్వు లాక్కుని మైకు పట్టుకున్నాడు. "అయ్యలారా, అమ్మలారా, నా భార్య, ఈ మేళానికి ప్రాణం, సులేమా అర్రియేతా! రా సులేమా, పైకి రా. నీ చోటు ఇదే." ఎల్సీరా లేచిన కుర్చీని తనే దీపం కిందికి జరిపి, చేతిరుమాలుతో తుడిచి, చెయ్యి చాపాడు. చప్పట్లు మొదలయ్యాయి. పియానో దగ్గర్నుంచి హెర్మీనియా కళ్లతోనే బతిమాలుతోంది.

కోరుకున్నదంతా అక్కడే ఉంది. దీపం, కుర్చీ, తన పేరు. ఒళ్లో వేళ్లు వాటంతటవే కదిలాయి. సులేమా ఒక చేత్తో రెండోదాన్ని పట్టుకుని కదలకుండా కూర్చుంది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"నేను వినడానికి వచ్చాను," అంది. "మీరు వాయించండి."