కరవలేదుగా

గిన్నె అడుగు మాడింది. పీచుతో గట్టిగా రుద్దుతుంటే చూపుడువేలి పగులులోకి సబ్బునీళ్లు దూరి చురుక్కుమంది. ఇది రోజూ ఉండేదే. చెయ్యి ఒకసారి విదిలించి మళ్లీ తోముకుంటాను. ఈ సాయంత్రం మాత్రం గిన్నె జారి సింకులో పడింది. పొద్దున ఈ వేలు ఒక కుక్క గొంతులో ఉంది. ఆ కుక్క మధ్యాహ్నం చనిపోయింది.

ఆ సంగతి ఇప్పుడే ఫోనులో చెప్పింది, మా జంతువుల ఆస్పత్రిలో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి. "అక్కా, ఎముక ఇరుక్కుందని తెచ్చారే, ఆ కుక్క పోయింది. రేబిస్ ఏమోనని డాక్టరు గారికి అనుమానం. పరీక్షకు పంపారు. నువ్వు నోట్లో చెయ్యి పెట్టావు కదా, మనసొప్పక చెబుతున్నా. నేను చెప్పానని మాత్రం అనకు."

అక్కడ నేల తుడవడం, బోనులు కడగడం, జంతువుల్ని కదలకుండా పట్టుకోవడం నా పని. అందరూ నన్ను సన్నచెయ్యి అంటారు. ఏ కుక్క గొంతులోనైనా ఏదైనా ఇరుక్కుంటే "సన్నచెయ్యిని పిలవండి" అంటారు డాక్టరు గారు. గ్లౌజులుంటే జారుతుందని ఒట్టి చేత్తోనే వెతుకుతాను. అబద్ధమెందుకు, ఆ పిలుపు నాకు గర్వంగా ఉండేది. ఇంట్లో ఇవే చేతులు తెల్లారకముందు నుంచి నీళ్లలో నానుతుంటాయి. వాటికి ఒక పేరు పెట్టిన పాపాన పోయినవాళ్లు లేరు.

పొద్దున వచ్చింది కరిచే కుక్క కాదు. కింది దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, తెచ్చినావిడ ఒళ్లో తల పెట్టుకుని ఉంది. "నీళ్లు కూడా మింగట్లేదండీ, ఎముకే" అని ఆవిడ ఏడుపు. డాక్టరు గారూ ఎముకే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పిచ్చికుక్క అంటే పళ్లు బయటపెట్టి వెంటపడుతుందనే కదా మనకు తెలిసింది! ఇది నావైపు దిగులుగా చూసింది. మణికట్టు దాకా పెట్టి వెతికాను. ఎముక లేదు. ఇంతలో పక్క బల్ల మీది పిల్లి దగ్గరికి రమ్మని కేక. చెయ్యి కొళాయి కింద ఒకసారి తిప్పి, ఏప్రనుకు తుడుచుకుని వెళ్లాను.

డాక్టరు గారికి ఫోను చేశాను. "కరవలేదు కదమ్మా? ఫలితం రానీ, చూద్దాం. ఊరికే హడావిడి చెయ్యకు. వినేవాళ్లు మన దగ్గరికి రావడం మానేస్తారు" అన్నారు.

"మరి మీకేం కాదా సార్?"

"మాకు చదువుకునేటప్పుడే సూదులు వేశారులే."

మాకు అన్నారు. అంటే ఆ జబ్బు రాకుండా ముందే వేసే సూది ఒకటుందన్నమాట. ఇన్నాళ్లూ బోనులు కడిగినదానికి ఆ మాట ఇవాళ తెలిసింది. వెయిటింగ్ గదిలో గోడకు ఒక పోస్టరు ఉంటుంది, జంతువు నోరు తగిలితే వెంటనే సబ్బుతో చాలాసేపు కడుక్కోవాలని, సూదులకు వెళ్లాలని. వారం వారం దాని మీద దుమ్ము దులిపేది నేనే. అది జంతువుల్ని తెచ్చేవాళ్ల కోసమనుకున్నాను. అందులో నేనూ ఉన్నానని తోచలేదు.

మా ఆయనకు చెప్పాను. టీవీ మీంచి చూపు తిప్పకుండా "కరవలేదుగా?" అన్నాడు. "ముట్టుకుంటేనే పోయేటట్టయితే ఈపాటికి సగం ఊరు ఖాళీ అయ్యేది. గోరంతలు కొండంతలు చెయ్యడంలో నీ తర్వాతే ఎవరైనా."

అత్తయ్య లోపలి నుంచి అందుకుంది. "ఆ కుక్కల పని వద్దంటే విన్నావా? సరే, ముందా గిన్నెలు కానియ్యి. సింకు కంపు కొడుతోంది."

గ్లాసుడు నీళ్లు తాగాను. దిగాయి. ఆ జబ్బు వస్తే నీళ్లు దిగవంటారు. ఇంత తొందరగా రాదని ఒక మనసు చెబుతూనే ఉంది. అయినా మళ్లీ ముంచుకుని తాగాను. గుటక గుటకకూ గొంతు మీద చెయ్యేసి చూసుకున్నాను. మా పాప పరిగెత్తుకొచ్చి నా వేలు పట్టుకోబోతే, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నేనేం చేశానమ్మా?" అంది బిక్కమొహం వేసుకుని. ఏం చెప్పను తల్లీ!

దేవుడి ముందు నిలబడి చేతులు జోడించాను. కళ్లు మూసుకోబోతే వేళ్ల మీది పగుళ్లు కనిపించాయి, ఎండిన చెరువు నేలలాగా. స్వామీ, నువ్వే కాపాడు అనబోయాను. మాట సగంలో ఆగింది. ఆస్పత్రి కట్టించే బుద్ధి మనుషులకు ఇచ్చింది నువ్వే కదా. నేను సింకు దగ్గర నిలబడి నువ్వు కాపాడాలంటే ఎట్లా?

సబ్బు తీసుకుని, కొళాయి కింద రెండు చేతులూ మోచేతుల దాకా కడిగాను. మంట పుట్టినా ఆపలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కడిగి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. పాప మాత్రం అడిగింది ఎక్కడికని. "తొందరగా వచ్చేస్తా" అన్నాను.

పెద్దాస్పత్రిలో నర్సు, "ఎక్కడ కరిచింది?" అంది.

"కరవలేదమ్మా. చొంగ తగిలింది" అంటూ చేతులు చాపాను.

ఆమె నా వేళ్లు దీపం కిందికి లాగి చూసింది. మొహం మారిపోయింది. "ఇన్ని పగుళ్లున్నాయి, కరవక్కర్లేదు. ఇవి దేనివి?"

"గిన్నెలవి" అన్నాను.

ఆమె ఒకసారి తన వేళ్లకేసి చూసుకుంది. ఆమె చేతులు కూడా అంతేనేమో. "ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు. ముందే రావడమే మందు. వచ్చావు, మంచి పని చేశావు. మిగతా సూదుల్లో ఒక్కటి కూడా మానొద్దు" అంది. పగుళ్ల చుట్టూ సూదిమందు గుచ్చుతుంటే ప్రాణం పోయినట్టయింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బయట బల్ల మీద కూర్చుని డాక్టరు గారికి ఫోను చేశాను. "సార్, నాకు సూదులు మొదలుపెట్టారు. మన దగ్గర పనిచేసే అందరికీ వేయించండి, గ్లౌజులూ తెప్పించండి. అప్పటిదాకా నా చెయ్యి ఏ నోట్లోనూ పెట్టను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతల ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఇంటి నుంచి ఫోను వచ్చింది.

"ఎక్కడున్నావ్? గిన్నెలు సగంలో వదిలేసి పోయావేంటి? అమ్మ అరుస్తోంది" అన్నాడు మా ఆయన.

"మీరు తోమండి" అన్నాను. "కరవవుగా."