మూగబోయిన మీటరు

గ్లెనిస్ ముసలమ్మ కరెంటు కంపెనీ మారగానే రీడింగును తనంతట తానే కంపెనీకి పంపే గోడమీది స్మార్ట్ మీటరు మూగబోయింది. పాత కంపెనీ తనకేం సంబంధం లేదంది. కొత్త కంపెనీకి దాని సంకేతాలు అందలేదు. చివరికి రెక్సమ్ ఊరి వీధుల్లో మీటర్లు బిగించే యువాన్ వానలో తడుస్తూ వచ్చి, దాన్ని ఊడదీసి అలాంటిదే ఇంకొకటి బిగించాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి కదయ్యా?"

"అవునమ్మా, కంపెనీలే వేరు. ఇక మారకండి, నాకు ఓపిక లేదు."

"మారితేనే లాభమని కరెంటు కంపెనీల నియంత్రణ సంస్థవాళ్ళే టీవీలో ఊదరగొడుతుంటేనూ!"

యువాన్ పాత మీటరును వ్యానులో, అలాంటివాటి గుట్టమీద పడేసి వచ్చి, ఆమె ఇచ్చిన టీ అందుకుని మెట్టుమీద కూలబడ్డాడు.

"తీరిగ్గా తాగు నాయనా. మీటర్లెక్కడికీ పోవు," అందామె.