ఒక్క గుక్క

పిల్ల తల్లి పోయిన కొన్నాళ్ళకి, బస్సు డ్రైవరైన తండ్రి రెండో పెళ్ళి చేసుకుని పిన్నిని ఇంటికి తెచ్చాడు. పిల్లని అందరూ పిడుగంటారు. దానికి పసితనం నుంచే చక్కెర జబ్బు. పిన్ని కుట్టుపని మనిషి, సూదంటే జంకు లేదు. ఇన్సులిన్ ఇవ్వడం, వేలు పొడిచి మీటరులో చూడటం భర్త దగ్గర ఇట్టే నేర్చుకుంది. పిల్ల మనసులోకి దారి మాత్రం ఆయనా చూపించలేకపోయాడు. పైగా పిడుగు గడుసుది. చక్కెర పడిపోతోందని కళ్ళు తేలేసి, పళ్ళరసం తాగాక కిసుక్కున నవ్విన సందర్భాలున్నాయి.

ఆ మధ్యాహ్నం బడి నుంచి కుట్టుషాపుకి వస్తూనే పిల్ల సంచీ విసిరికొట్టింది. బల్ల మీది గుడ్డముక్కలన్నీ కిందికి లాగేసింది. గౌను కోసం వచ్చి కూర్చున్న ఆవిడ పలకరిస్తే మొహం తిప్పుకుంది. పిన్నికి ఒళ్ళు మండింది. తిట్టబోయి ఆగిపోయింది. బయట చల్లగా ఉంటే పిల్ల నుదుటి మీద చెమటేమిటి? పెదవులు ఎందుకలా పాలిపోయాయి?

వేలు ఇమ్మంటే చెయ్యి వెనక్కి దాచుకుంది. బతిమాలి, బుజ్జగించి, చివరికి మణికట్టు పట్టుకుని పొడవాల్సి వచ్చింది. మీటరు నలభై ఆరు చూపించింది. డెబ్భైకి దిగితేనే క్షణం ఆలస్యం చెయ్యొద్దన్న డాక్టరమ్మ మాట పిన్ని చెవుల్లో గింగురుమంది. పళ్ళరసం పెట్టె తెరిచి నోటి దగ్గర పెట్టింది. పిడుగు ఒక్క తోపు తోసింది. రసమంతా వెళ్ళి కొత్త గౌను మీద పడింది.

"నువ్వు మా అమ్మవి కాదు. నీ చేత్తో తాగను."

మాట ముద్దముద్దగా వచ్చినా తగలాల్సిన చోటే తగిలింది. నొచ్చుకోడానికి తీరికేది? గౌను ఆవిడ చేతిసంచీలోంచి చాక్లెట్ తీయబోయింది. అందులోని కొవ్వు వల్ల చక్కెర ఒంటికి ఎక్కడం ఆలస్యమవుతుందని చెప్పి, టీ కోసం ఉంచిన పంచదార మూడు చెంచాలు కాసిని నీళ్ళలో కలపమంది పిన్ని. ఆవిడ గౌను సంగతి మరిచి గబగబా కలిపింది.

పిల్ల మెడ వాలుతోంది. మింగలేని స్థితికి వస్తే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆపదలో చక్కెర పెంచే సూదిమందు చూస్తే ఇంట్లో ఉండిపోయింది. పిల్ల మింగకపోతే వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని ఆవిడకి చెప్పి, పిన్ని పిల్లని నిటారుగా కూర్చోబెట్టి భుజానికి ఆనించుకుంది.

"సరే, మీ అమ్మని కాను. ఒప్పుకున్నా. ఒక్క గుక్క తాగు, తరవాత కడుపునిండా తిట్టుకో."

పిడుగు చూపు ఎక్కడో ఉంది. అయినా పెదవులు విడివడ్డాయి. గొంతు కదలడం చూశాకే పిన్ని రెండో గుక్క పట్టించింది. అలా గ్లాసు ఖాళీ అయింది.

ఇక పావుగంట ఆగాలి. పిన్నికది యుగమైంది. పిల్లతో ఏదో ఒకటి మాట్లాడుతూ, జవాబు రాకపోతే బుగ్గ తడుతూ కూర్చుంది. మళ్ళీ పొడిస్తే అరవై రెండు. చాలదు. మళ్ళీ పంచదార నీళ్ళు, మళ్ళీ ఎదురుచూపు. ఈసారి పిల్ల గ్లాసు తనే పట్టుకుంది. ఆ తరవాత చూస్తే తొంభై దాటింది.

బిస్కెట్లు నములుతూ పిడుగు గౌను మీది మరక చూసి, ఎవరు చేశారని అడిగింది. చేసింది తనేనని తెలిసి తల దించుకుంది. ఆటలకి ముందు తినమని ఇచ్చిన రొట్టె ముట్టలేదనీ, అందరి ముందూ డబ్బా తీయాలంటే సిగ్గనీ మెల్లగా బయటపెట్టింది.

"నాన్నకి చెప్పకు పిన్నీ."

"చెప్పకపోతే ఎలా? నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటా."

పిల్ల ఒళ్ళోని బిస్కెట్ పొడి దులుపుకుంటూ, "నిన్నేమైనా అన్నానా?" అంది.

"అన్నావు. చక్కెర తక్కువైతే నీకు నోరు ఎక్కువవుతుంది."

ఉతికితే పోతుందిలే అని గౌను ఆవిడ వెళ్ళిపోయాక, పిన్ని తెర వెనక్కి వెళ్ళి చతికిలబడింది. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేనంత.

"పిన్నీ, ఇంకో బిస్కెట్ తీసుకోనా?"

అడిగి తీసుకోవడం ఆ పిల్లకి కొత్త.

"ఆగు, వేలు చూసి చెబుతా" అంటూ పిన్ని కళ్ళు తుడుచుకుని లేచింది.