మోకాలి మీద బొటనవేలు

జెల్ల చేప ముల్లు గుచ్చుకోవడం కూడా ఒక రోగమేనా? ఇబ్రహీంపట్నం చెరువు మీద బతికేవాళ్లలో ముల్లు దిగని చెయ్యి ఉందా? బిక్షం అదే అన్నాడు. పెళ్లాం మైసమ్మ వాచిన అరచెయ్యి చూపిస్తే, "పసుపు పెట్టుకో, గదే పోతది. ముల్లుకు దవాఖానకు పోతే నలుగురు నవ్వుతరే," అన్నాడు. ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని, చేపల తట్ట నెత్తికెత్తుకుని, రెండు రోజులు బజారులో కూర్చుంది. మూడోనాడు చలిజ్వరంతో వణుకుతూ, మొగుణ్ణి పట్టుకుని "నువ్వెవరు?" అంది.

ఇప్పుడు దవాఖానలో, అద్దాల గదిలో, నోట్లో గొట్టంతో పడుంది. చేతి చీము రక్తానికెక్కిందన్నారు.

బయట ఆమె తమ్ముడు లింగం అద్దానికి ముఖం ఆనించి, మంచం పక్కనున్న మిషను తెర మీది అంకె చదువుతున్నాడు.

"తొంభై ఎనిమిది బావా! ఆక్సిజన్ తొంభై ఎనిమిది! మన ఖాందాన్ల గన్ని మార్కులు ఎవ్వలకన్న వచ్చినయా?"

"నీకైతే రాలే," అన్నాడు బిక్షం. మూడు రోజుల్లో అప్పుడే కాస్త నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి అయిదు నిమిషాలు, ఒక్కరినే లోపలికి వదిలారు. బిక్షం వెళ్లాడు. మంచం దగ్గర నర్సు సుసన్న ఉంది, కందుకూరు పిల్ల. తెర వైపు చూడనైనా చూడకుండా దుప్పటి పక్కకు జరిపి, మైసమ్మ మోకాలి మీద బొటనవేలు గట్టిగా అదిమింది. కాసేపు ఉంచి తీసింది. నొక్కినచోట చర్మం పాలిపోయింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఏడు దాకా పోయింది. కాగితం మీద రాసుకుంది.

"అంకె మంచిగనే ఉంది కద బిడ్డా?"

"అంకె మంచిగనే ఉంది కాకా. రక్తంల ఆక్సిజన్ మస్తుగుంది. కండకు అందుతలేదు. చెరువు నిండుగుండి తూము పూడుకపోతే మడికి నీళ్లు పారయి కద, గట్ల. నొక్కి ఇడిస్తే మూడు లెక్కపెట్టేలోపు రంగు తిరిగి రావాలె. పొద్దుగాల అయిదు లెక్కపెడితే వచ్చింది."

ఇప్పటి ఏడు మాట ఆ పిల్ల ఎత్తలేదు.

"మరి గోళ్లు ఎర్రగున్నయ్ గద! సూడు!"

"అది గోరింటాకు కాకా. గోళ్లల్ల తెలుస్తలేదనే మోకాలు సూస్తున్న."

ఆషాఢమని, ముల్లు దిగడానికి ముందురోజే వేళ్లకు టోపీల్లా పెట్టుకుంది మైసమ్మ. బిక్షానికి తల కొట్టేసినట్టయింది. పాచిపోయిన చేపల మొప్పలకు రంగు పూసి అమ్మేవాళ్లను బజారు ఆ చివర నుంచే పట్టేసేవాడు. సొంత పెళ్లాం చేతులు చూసి మాత్రం మోసపోయాడు.

మోకాలి చుట్టూ సన్నకన్ను వల ఆరేసినట్టు ఊదారంగు మచ్చలు. పొద్దున అవి లేవు.

"నొక్కి సూసుకో అక్కా," అనేది మైసమ్మ, బేరానికొచ్చిన ఆడవాళ్లతో. "గుంట పడ్డదనుకో, గదే చేప తీస్కొని నా మొగం మీద కొట్టు." ఎవరూ కొట్టలేదు. ఆమె తట్టలో చేప కండ, వేలు తీయగానే మళ్లీ పైకి లేచేది. ముప్పై ఏళ్లు ఆ మాట వింటూ పక్కనే కూర్చుని బతికినవాడు, ఆమె అరచెయ్యి చాపి చూపిస్తే ఒక్కసారి నొక్కి చూడలేదు.

"బిడ్డా, ఒక్కపారి నేను నొక్కుత."

సుసన్న కాదనలేదు. అతని చేతులకు మందు రాసి, ఎక్కడ అదమాలో చూపించింది. వలతాళ్లతో కాయలు కాసిన బొటనవేలు మోకాలి మీద ఆనించాడు బిక్షం. తెల్లారగట్ల చెరువు నీళ్లలా చల్లగా తగిలింది.

"సాలు కాకా. ఇగ తియ్."

"ఆగు బిడ్డా."

"టైమైంది. తీస్తెనే కద రంగు వచ్చేది తెలిసేది."

అద్దం అవతల లింగం వేళ్లు విప్పి చూపిస్తూ, తొంభై ఎనిమిది, ఇంకా తొంభై ఎనిమిదే అని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

బిక్షం వేలు తీయలేదు. తీస్తే లెక్కపెట్టాలి.